కొత్త కెమెరా, కొత్త లెన్సు: మొదటి నెల పాఠం



ఈ నెల 19న ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం. 1839లో అదే తేదీన, డాగేర్ కనిపెట్టిన ఫోటో పద్ధతిని పారిస్‌లో పండితుల సభలో అందరికీ వెల్లడించారు. అందుకని ఈసారి ‘ఇంటి పాఠం’లో లెక్కలనూ చేతిరాతనూ పక్కన పెట్టి కెమెరాను తీసుకున్నాం. దీనికి ఇంకో కారణం కూడా ఉంది.

మొన్నటి పేరెంట్-టీచర్ మీటింగులో ఏడో తరగతి పాప నాన్నగారు ఒకరు మార్కుల సంగతి రెండు నిమిషాల్లో ముగించి, సంచిలోంచి కెమెరా తీసి నా బల్ల మీద పెట్టారు. “సార్, కెమెరా క్లబ్ మీరే చూస్తారట కదా. దీనికి ఇంకా ఆరు నెలలు ఈఎంఐ కట్టాలి. లెన్సు విడిగా కొన్నాను. పాప పుట్టినరోజుకి తీసినవన్నీ మసకే. మా ఆవిడ ఫోన్లో తీసినవే నయం. లెన్సు వాపసు ఇచ్చేయమంటారా?” అన్నారు. పక్కన పాప నేల చూపులు చూస్తోంది. ఆ పుట్టినరోజు మళ్లీ రాదని ఇద్దరికీ తెలుసు.

కెమెరా తీసుకుని ఫోటోలన్నీ చూశాను. లెన్సులో ఏ లోపమూ లేదు. ఒక ఫోటోలో కేకు మీద కొవ్వొత్తి వెంట్రుకంత వివరంగా ఉంది, వెనక పాప ముఖం అలికేసినట్టుంది. ఇంకో దాంట్లో గది మొత్తం, గోడ మీది క్యాలెండరుతో సహా, రెండేసిగా కనిపిస్తోంది. మూడో దాంట్లో క్యాలెండరులో తేదీలు చదవగలిగినంత స్పష్టంగా ఉన్నాయి, చప్పట్లు కొడుతున్న పిల్లల చేతులు మాత్రం పొగలా ఉన్నాయి. ఆయన మూడింటినీ ‘మసక’ అనే అన్నారు. నిజానికి అవి మూడు వేరువేరు జబ్బులు, మందులూ వేరు. ఈ నెల పాఠంలో అసలు విషయం ఇదే.

మూడు రకాల మసక

ఫోటో బాగా రాకపోతే వెంటనే తుడిచెయ్యకండి. కెమెరా తెర మీదే పెద్దది చేసి చూడండి. ఫోటోలో ఎక్కడైనా ఒక చోటు స్పష్టంగా ఉందా అని వెతకండి.

ఎక్కడా స్పష్టంగా లేదు, ప్రతి వస్తువూ ఒకే దిక్కుకు జారినట్టుంది అంటే కదిలింది మీ చెయ్యి. కదలనివి బాగున్నాయి, కదిలేది మాత్రం చెరిగిపోయింది అంటే కదిలింది మీ పాపో బాబో. పాప ముందున్న వస్తువో, వెనకున్న గోడో బాగుంది, పాప మాత్రం మెత్తబడిపోయింది అంటే ఎవరూ కదల్లేదు, ఫోకస్ తప్పుచోట పడింది.

మొదటిదానికి మందు షట్టర్ వేగం పెంచడం, లేదా చేతిని కుదురుగా ఉంచడం. రెండోదానికి షట్టర్ వేగం పెంచడం ఒక్కటే దారి. మీరు శిలలా నిలబడినా, స్టాండు మీద పెట్టినా పిల్లలు కదలడం ఆపరు కదా. మూడోదానికి షట్టర్ ఎంత పెంచినా లాభం లేదు. ఫోకస్ ఎక్కడ పడాలో కెమెరాకి చెప్పాలి. జబ్బేదో తెలియకుండా మందులు మారుస్తూ పోతే డబ్బు ఖర్చవుతుంది, ఫోటో మాత్రం బాగుపడదు. కొత్త లెన్సు వాపసు ఇచ్చి ఇంకా ఖరీదైనది తెచ్చుకున్నవాళ్లలో చాలామంది మొదటి వారంలోనే మళ్లీ అవే మసక ఫోటోలు తీశారు. అందులో నేనూ ఒకణ్ణి, ఆ సంగతి తరవాత చెబుతాను.

మరి ఫోనులో ఈ గొడవ ఎందుకు లేదు? మీరు ఒకసారి నొక్కితే ఫోను లోపల గబగబా అనేక ఫోటోలు తీసి, కలిపి, చీకటిగా ఉన్నచోట వెలుగు పెంచి ఒక్క ఫోటోగా చేతిలో పెడుతుంది. పైగా దాని సెన్సర్ చాలా చిన్నది, లెన్సు నాభ్యంతరం కొద్ది మిల్లీమీటర్లే. అందువల్ల ముందూ వెనకా దాదాపు అన్నీ స్పష్టంగానే పడతాయి, ఫోకస్ కాస్త తప్పినా తెలియదు. పెద్ద సెన్సరు, పెద్ద లెన్సు మీరు అడిగింది మాత్రమే ఇస్తాయి. సరిగ్గా అడిగితే మాత్రం ఫోను ఇవ్వలేనిది ఇస్తాయి.

ముందు ఒక చిన్న చక్రం

ఇంట్లో పాఠం మొదలుపెట్టే ముందు ఒక పని చెయ్యండి. కన్ను పెట్టి చూసే కిటికీ పక్కన చాలా కెమెరాలకు చిన్న చక్రం ఒకటి ఉంటుంది. చూపుకు తగ్గట్టు తిప్పుకోవడానికి పెట్టింది అది. కిటికీలో కనిపించే అంకెలు స్పష్టంగా కనబడేదాకా దాన్ని తిప్పండి. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. “కెమెరాలోంచి చూస్తేనే మసకగా ఉంది సార్” అని నా దగ్గరికి వచ్చిన వాళ్లలో సగం మందికి ఈ చక్రమే సమాధానం. ఇంట్లో ఇద్దరు వాడే కెమెరా అయితే ఒకరు తిప్పింది రెండోవారికి కుదరదు. అది మనసులో ఉంచుకుంటే చాలు, తగువులు రావు.

ఈ పాఠానికి నేను తీసుకున్న ఉదాహరణ మన పేరెంట్స్ దగ్గర తరచూ కనిపించే జత. ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న మామూలు కెమెరా, దానితోపాటు పెట్టెలో వచ్చే 18-55 లెన్సు, విడిగా కొన్న 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సు. ఈ నెలంతా 50 లెన్సు ఒక్కటే కెమెరాకి ఉండనివ్వండి. జూమ్ లేదు కాబట్టి దగ్గరికి నడవాలి, వెనక్కి జరగాలి. వారం తిరిగేసరికి ఎంత దూరం నుంచి ఎంత పడుతుందో మీ కాళ్లకే తెలిసిపోతుంది. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే-బ్రెసోన్ తన పనిలో చాలా భాగం ఒక్క 50 లెన్సుతోనే నడిపాడు. అయితే ఆయన వాడింది ఫిల్మ్ కెమెరా. మన చిన్న సెన్సర్ మీద అదే 50 లెన్సు 75 లెన్సు అంత దగ్గరగా చూపిస్తుంది. ఇరుకు గదిలో వెనక్కి జరగడానికి గోడ అడ్డం వస్తుందంటే కారణం ఇదే.

పప్పుల డబ్బాలతో ఫోకస్ పాఠం

ఇది వంటింట్లో చెయ్యాల్సిన ప్రయోగం. ఆదివారం పొద్దున, కిటికీ వెలుగు బాగా ఉన్నప్పుడు, ఐదు డబ్బాలు తీసుకోండి. కందిపప్పు, మినప్పప్పు, పెసరపప్పు, ఏవైనా సరే, మీద పేర్లు అంటించి ఉంటే మంచిది. వంటగట్టు మీద ఒకదాని వెనక ఒకటి, కొంచెం పక్కకు జరుపుతూ, దాదాపు 10 సెంటీమీటర్ల తేడాతో ఏటవాలు వరసలో పెట్టండి. మధ్య డబ్బాకు కెమెరా ఒకటిన్నర మీటరు దూరంలో ఉండాలి.

కెమెరా మీది గుండ్రటి మీటను ‘ఏ’ మీద పెట్టండి. కొన్ని కంపెనీలవాటిపై ‘ఏవీ’ అని ఉంటుంది. ఈ పద్ధతిలో లెన్సు కన్నం ఎంత తెరవాలో మీరు చెబుతారు, షట్టర్ వేగం కెమెరా చూసుకుంటుంది. ఫోకస్‌ను ‘ఒకే చుక్క’కి మార్చండి. కొత్త కెమెరా పెట్టెలోంచి వచ్చినప్పుడు చాలావాటిలో ఫోకస్ ఎక్కడ పడాలో కెమెరాయే ఎంచుకునేలా ఉంటుంది, అది తరచూ ముందున్న వస్తువును పట్టుకుంటుంది. పుట్టినరోజు ఫోటోలో కొవ్వొత్తి గెలిచి పాప ఓడిపోయింది అందుకే. చుక్కను మూడో డబ్బా మీది అక్షరాల మీద పెట్టి, బటన్ సగం నొక్కి, ఫోకస్ పడ్డాక పూర్తిగా నొక్కండి. ఎఫ్/1.8తో ఒకటి, ఎఫ్/4తో ఒకటి, ఎఫ్/8తో ఒకటి.

మూడింటినీ కంప్యూటరు మీదో టీవీ మీదో పెద్దగా చూడండి. ఎఫ్/1.8తో మూడో డబ్బా ఒక్కటే చదవొచ్చు. ఆ దూరంలో స్పష్టంగా ఉండే మందం ఆరేడు సెంటీమీటర్లే. ఎఫ్/8కి వచ్చేసరికి అది 28 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, అంటే అటొకటి ఇటొకటి కలిసి మూడు డబ్బాలు తెలుస్తాయి. ఇప్పుడు డబ్బాల చోట మీ పాప ముఖం ఊహించుకోండి. ఒక మీటరు దూరం నుంచి ఎఫ్/1.8తో తీస్తే స్పష్టత మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. ముక్కు కొస మీద ఫోకస్ పడితే కళ్లు పోయినట్టే. అందుకే ముఖం దగ్గరగా తీసేటప్పుడు చుక్క ఎప్పుడూ మనకు దగ్గరగా ఉన్న కంటి మీద ఉండాలి. కొత్త కెమెరాల్లో కంటిని అదే వెతికి పట్టుకునే సదుపాయం ఉంటే తప్పకుండా వాడండి, అందులో చిన్నతనమేమీ లేదు.

‘వెనకంతా మసకగా, ముందు మనిషి ఒక్కరే మెరిసిపోవాలి’ అని ఎఫ్/1.8 కొన్నవాళ్లకు నా సలహా ఒకటి. మొదటి నెల ఎఫ్/2.8 వాడండి. వెనక అప్పుడు కూడా చక్కగా కరుగుతుంది, ముఖం మాత్రం మిగులుతుంది. అన్నాచెల్లెళ్లు ఇద్దరినీ తీస్తే ఇద్దరి ముఖాలూ కెమెరాకు సమాన దూరంలో ఉండేలా నిలబెట్టండి, ఎఫ్/4 పెట్టండి. ఒకరు ముందు, ఒకరు వెనక ఉంటే ఎఫ్/5.6కి తగ్గొద్దు.

ఇక్కడే పదో తరగతి పిల్లలకు ఒక లెక్క. కటకాల పాఠంలో నాభ్యంతరం చదువుతారు కదా. ఎఫ్ కింద ఉన్న అంకెతో నాభ్యంతరాన్ని భాగిస్తే కాంతి వచ్చే కన్నం వ్యాసం వస్తుంది. 50ని 1.8తో భాగిస్తే దాదాపు 28 మిల్లీమీటర్లు, 5.6తో భాగిస్తే 9 మిల్లీమీటర్లు. వచ్చే కాంతి వ్యాసాన్ని బట్టి కాదు, వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కనక వర్గం చెయ్యాలి. తేడా దాదాపు పది రెట్లు. పెట్టెతో వచ్చిన 18-55 లెన్సును 55 దగ్గర పెడితే అది సాధారణంగా ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. అక్కడ 1/25 సెకను కావాల్సిన గదిలో 50 లెన్సుతో 1/250 దాకా వెళ్లొచ్చు. అంత డబ్బు పెట్టి కొన్నది నిజానికి ఈ పది రెట్ల కోసమే. వెనక మసక అనేది దాని వెంట వచ్చే కొసరు.

గోడ మీది పేపరు, నెత్తి మీది ఫ్యాను

చెయ్యి కదలడం ఎంతవరకు ఉందో చూసుకోవడం తేలిక. దినపత్రిక పేజీ ఒకటి గోడకి అంటించి, రెండు మీటర్ల దూరం నుంచి 1/125, 1/60, 1/30, 1/15 వేగాలతో ఐదేసి ఫోటోలు తీయండి. చిన్న అక్షరాలు ఏ వేగం దాకా చదవొచ్చో అదే మీ చేతి హద్దు. మామూలు లెక్క ప్రకారం చిన్న సెన్సర్ మీద 50 లెన్సుకు 1/80 కంటే తగ్గకూడదు. కొందరి చేతులు 1/30కి కూడా నిలుస్తాయి, కొందరికి కాఫీ తాగాక 1/125 కావాలి. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఎడమచెయ్యి లెన్సు కింద పెట్టి, ఊపిరి సగం వదిలి నొక్కితే ఫలితం అప్పుడే తెలుస్తుంది. చాలా 18-55 లెన్సుల్లో చేతి వణుకును సర్దే ఏర్పాటు ఉంటుంది. చవక 50 లెన్సుల్లో చాలావాటికి ఉండదు. ఉన్నా అది మీ వణుకునే సర్దుతుంది, పిల్లల పరుగును కాదు.

పరుగుకి పాఠం సీలింగు ఫ్యాను. మీటను ‘ఎస్’ లేదా ‘టీవీ’ మీద పెట్టి, ఐఎస్ఓను ఆటోలో వదిలి, తిరుగుతున్న ఫ్యానును 1/60తో, 1/250తో, 1/1000తో తీయండి. ఫ్యాను నిమిషానికి 350 చుట్లు తిరుగుతుందనుకుంటే, సెకనులో 60వ వంతులోనే రెక్క 35 డిగ్రీలు జరిగిపోతుంది. 1/1000కి రెండు డిగ్రీలు. రెక్క పొడవు 60 సెంటీమీటర్లయితే కొస దగ్గర అదీ రెండు సెంటీమీటర్లే, అంటే అప్పుడు కూడా కొస కాస్త చెరుగుతుంది. ఈ లెక్క పిల్లలతోనే వేయించండి. ఫోటో చూశాక వేస్తే వాళ్లకు ఇంకా సరదా.

మీ ఇంటి ఫ్యానుకన్నా మీ అబ్బాయి నెమ్మదే, కాబట్టి గుండెధైర్యం చాలు. కుదురుగా కూర్చుని చదువుకుంటుంటే 1/125, మాట్లాడుతూ నవ్వుతుంటే 1/250, ఆటల్లో 1/500 నుంచి 1/1000. వేగం పెంచినకొద్దీ ఐఎస్ఓ పెరుగుతుంది, ఫోటోలో సన్నటి ఇసకలాంటి గరుకు వస్తుంది. దానికి భయపడి షట్టర్ తగ్గించేవాళ్లు చాలామంది. గరుకును కంప్యూటరులో చాలావరకు తగ్గించుకోవచ్చు, ఆల్బమ్ సైజులో ప్రింటు వేస్తే కనిపించదు కూడా. చెరిగిపోయిన కళ్లను ఎవరూ తిరిగి తేలేరు. ఐఎస్ఓ 3200 చూసి కంగారు పడకండి.

నా సంగతి

పద్నాలుగేళ్ల క్రితం మా నాన్నగారి షష్టిపూర్తి. ముందు రోజు సాయంత్రం కొత్త కెమెరా, 50 లెన్సు తెచ్చాను. అద్దె ఫోటోగ్రాఫరు వద్దు, నేనే తీస్తానని ఇంట్లో గొప్పగా చెప్పాను. రాత్రంతా పుస్తకం తిరగేశాను, ఒక్క ఫోటో తీసి చూడలేదు. మర్నాడు మొత్తం ఎఫ్/1.8లోనే తీశాను, ఎందుకంటే ఆ అంకె కోసమే కొన్నాను. నాలుగు వందల పైచిలుకు ఫోటోలు. అమ్మ, నాన్న పీటల మీద కూర్చుంటే ఫోకస్ హోమం ముందున్న కలశం మీద పడింది. దండలు మార్చుకున్నప్పుడు బంతిపూలు ఒక్కొక్క రేకూ లెక్కపెట్టొచ్చు, నాన్న ముఖం మాత్రం లేదు. చిన్న తెర మీద చూసి అన్నీ బాగున్నాయనుకున్నాను. రాత్రి కంప్యూటరులో పెట్టి చూసేసరికి నాన్న కళ్లు స్పష్టంగా ఉన్నవి నాలుగు. ఆయన నాలుగూ చూసి, “చాల్లేరా, నాలుగు చాలు” అన్నారు. ఆ నాలుగింటిలో ఒకటి ఇప్పుడు మా హాల్లో గోడకి ఉంది.

మర్నాడే నేను చేసిన పని ఆ లెన్సును తిట్టుకుంటూ మార్చుకోవడం. మారినది కూడా అలాగే తీసింది.

కాబట్టి పెళ్లికో, బారసాలకో, యాన్యువల్ డేకో ముందు రోజు కెమెరా కొనకండి. కొన్నా, ఆ రోజుకు ఫోను మీద ఆధారపడండి. కనీసం నాలుగు వారాలు డబ్బాల మీదా, ఫ్యాను మీదా, పేపరు మీదా మీ తప్పులన్నీ చేసేసుకోండి.

తెల్ల యూనిఫారం, నల్ల తెర

ఈ నెల 15న జెండా వందనానికి చాలామంది కెమెరాలతో వస్తారు. తెల్ల యూనిఫారంలో వరసగా నిలబడ్డ పిల్లల ఫోటో తీస్తే, తెలుపు బూడిదరంగులోకి దిగి, ముఖాలు నల్లబడి కనిపిస్తాయి. కెమెరా పాడవలేదు. దాని ముందు ఏది పెట్టినా సగటున మధ్యస్థంగా, నలుపుకూ తెలుపుకూ నడిమి వెలుగులో ఉందని అనుకుంటుంది. అన్నీ తెల్లబట్టలే కనిపిస్తే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. ప్లస్, మైనస్ గుర్తులున్న మీట ఒకటి ఉంటుంది చూడండి, దాన్ని ప్లస్ వైపు ఒక గడి జరపండి. తెలుపు తెలుపవుతుంది.

స్టేజి దగ్గర కథ తలకిందులు. వెనక నల్ల తెర, మధ్యలో లైటు పడ్డ చిన్న ముఖం. తెరంతా చీకటి చూసి కెమెరా వెలుగు పెంచుతుంది, మీ పాప ముఖం సున్నం కొట్టినట్టు తేలిపోతుంది. అక్కడ మైనస్ వైపు ఒక గడి. కృష్ణాష్టమికి చిన్ని కృష్ణుడి వేషం వేసిన బాబును తెల్లగోడ ముందు నిలబెట్టారా, పూజగది చీకటిలో నిలబెట్టారా అన్నది చూసుకుని ఇదే లెక్క వేసుకోండి. వీలైతే రెండూ కాదు, వరండాలోకి తీసుకురండి. ఈ నెల మబ్బు వెలుగు ముఖాలకు చాలా మంచిది, ఎండలోలా కళ్ల కింద గట్టి నీడలు పడవు.

యాన్యువల్ డేకి ఇప్పటినుంచే

డిసెంబరు, జనవరి వచ్చేసరికి మా ఆడిటోరియంలో ప్రతి ఏడూ ఒకే దృశ్యం. పాట మొదలవగానే ముందు వరస లేచి నిలబడుతుంది, వెనకవాళ్లకు వాళ్ల పిల్లలు కనిపించరు. లెన్సు ఎంత దూరం పనిచేస్తుందో ముందే తెలిస్తే ఈ తోపులాట సగం తగ్గుతుంది.

సరూప త్రిభుజాలతో తేల్చుకోవచ్చు. ఏపీఎస్-సీ సెన్సర్ అడ్డంగా 23.5, నిలువుగా 15.6 మిల్లీమీటర్లు ఉంటుంది, కంపెనీని బట్టి కాస్త తేడా. 50 లెన్సుతో 5 మీటర్ల నుంచి చూస్తే ఫోటోలో పట్టేది దాదాపు 2.3 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల ఎత్తు. నాలుగడుగుల పాప చక్కగా సరిపోతుంది. 15 మీటర్ల వెనక వరసలో కూర్చుంటే పట్టేది 7 మీటర్ల వెడల్పు, అంటే స్టేజిలో పెద్దభాగం, అందులో పాప నాలుగో వంతు ఎత్తు. కాబట్టి వెనక వరస నుంచి ఈ లెన్సుతో మొత్తం బృందాన్ని తీయండి, అది దానికి బాగా కుదురుతుంది. పాప ఒక్కదాని ఫోటో మేకప్ రూమ్ బయట, కార్యక్రమానికి ముందు, నగలూ జడా సర్దుకుంటుండగా తీసుకోండి. నా అనుభవంలో ఇంట్లో ఫ్రేము కట్టించుకునేవి ఎక్కువగా అవే.

స్టేజికి నేను పెట్టేది ఎఫ్/2.8, 1/250, ఐఎస్ఓ ఆటో, మైనస్ ఒక గడి. డాన్సు జోరుగా ఉంటే 1/500. పిల్లలు ముందుకూ వెనక్కీ కదులుతుంటారు కాబట్టి ఫోకస్‌ను ‘వదలకుండా వెంటపడే’ పద్ధతికి మార్చాలి, కొన్ని కెమెరాల్లో ఏఎఫ్-సీ, కొన్నింట్లో సర్వో. చప్పుడు రాని ఎలక్ట్రానిక్ షట్టరు పెడితే ఎల్ఈడీ లైట్ల కింద ఫోటోలో చారలు పడొచ్చు, పడితే మామూలు షట్టరుకు మారండి. ఫ్లాష్ మాత్రం దయచేసి వద్దు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు అవుతుంది. కెమెరా నెత్తిన ఉండే చిన్న ఫ్లాష్ నాలుగైదు మీటర్లు దాటాక పలచబడిపోతుంది, మీ ముందు వరసవాళ్ల తలలను వెలిగించడానికి తప్ప పనికిరాదు. స్టేజి మీది పిల్లలకు మాత్రం కళ్లు చెదిరి అడుగు తప్పుతుంది.

ఇంకో మాట. మీ ఫోటోలో పక్కింటి పిల్లలూ పడతారు. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే ముందు వాళ్ల అమ్మానాన్నలను ఒకసారి అడగండి.

వానాకాలంలో జాగ్రత్త

ఏసీ గదిలోంచి తీసుకొచ్చిన కెమెరాను ఉక్కపోతలో వెంటనే బయటికి తీస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. సంచిలోనే పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచి తీయండి. చొక్కా కొసతో తుడవొద్దు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఉన్నవాళ్లు లెన్సును నెలలతరబడి బీరువాలో తోలు సంచిలో పెట్టేస్తే లోపల బూజు పడుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, పొట్లాలు ఎప్పటికప్పుడు మార్చండి. అన్నిటికన్నా మంచి మందు కెమెరాను తరచూ బయటికి తీసి వాడడం.

పిల్లలచేత ఒక పాత నోటుబుక్కులో చిట్టా రాయించండి. బాగా రాని ప్రతి ఫోటోకి మూడు అంకెలు, అంటే ఎఫ్, షట్టర్, ఐఎస్ఓ, వాటి పక్కన మసక ఒకటో రకమా, రెండో రకమా, మూడో రకమా అన్నది. ఆ మూడు అంకెలనూ కెమెరా ప్రతి ఫోటోలోనూ దాచి ఉంచుతుంది, ఫోటో చూసేటప్పుడు ‘ఇన్ఫో’ లేదా ‘డిస్ప్లే’ బటన్ నొక్కితే కనిపిస్తాయి.

పోయిన శనివారం ఆ ఏడో తరగతి పాప క్లబ్బుకి వచ్చింది, మెళ్లో కెమెరా, చేతిలో నోటుబుక్కు. పార్కులో తమ్ముణ్ణి ఊయల మీద తీసిన ఫోటో చూపించింది. ఊయల స్తంభాలు చక్కగా ఉన్నాయి, ఊగుతున్న తమ్ముడు మాత్రం గాలిలో కలిసిపోయాడు. నేను ఏమీ అనకముందే, “రెండో రకం సార్. 1/60 ఉంది. రేపు 1/500 పెట్టి మళ్లీ తీస్తా” అంది. తీసుకెళ్లడానికి వచ్చిన నాన్నగారిని లెన్సు వాపసు సంగతి ఏమైందని అడిగాను. “అసలు కెమెరా నా చేతికి వస్తే కదా సార్” అన్నారు.